కారేసుకొస్తున్న అమ్మణ్ణికి

అమ్మణ్ణీ,

సంక్రాంతికి రైలు టికెట్ వద్దు, మద్రాసు నుంచి కారు నేనే తోలుకొస్తానని మీ అమ్మతో అన్నావంట. ఆ మాట విన్న కాసేపటికే టీకొట్టు దాకా పోయి నలుగురికీ చెప్పొచ్చాను, మా మనవరాలు ఒక్కతే కారేసుకొస్తుండాదని. రాత్రికి మాత్రం నిద్ర పట్టలా. ముప్పై నాలుగేళ్లు లారీ తోలినోణ్ణి, నా తర్వాత మనింట్లో స్టీరింగ్ పట్టేది నువ్వని ఎప్పుడూ అనుకోలా.

తేలిక సంగతులు ముందు. గాలి చూయించుకో, స్టెప్నీకి కూడా. బెల్టు పెట్టుకో. బెల్టు పెట్టుకోకపోతే కారు పెట్టే కూత వినపడకుండా ఉత్త క్లిప్పు గుచ్చుకునే తెలివి మీ మామకుండాది, నీకొద్దు. చీకటితో బయల్దేరబాక, ఈ రోజుల్లో మంచు పడతాది. మంచులో పెద్ద లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ కట్టినట్టుంటాది, డిమ్ములోనే రా.

మీ అమ్మ గంటకోసారి ఫోన్ చేస్తాది. ఎత్తబాక. నాలుగు వరసల రోడ్డు మీద కారుకి వంద దాకా పోవచ్చని రూలు. వందలో పోయే బండి ఒక్క సెకనుకి 28 మీటర్లు పోతాది. ఎవరు చేశారా అని రెండు సెకన్లు కిందికి చూశావంటే, మనింటి గేటు కాడ కళ్లు మూసుకుని రామాలయం కాడ తెరిచినట్టు.

మా కాలంలో ఈ మద్రాసు హైవే, ఐదో నెంబరు రోడ్డంటే ఒకటే రోడ్డు, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ దాని మీదే. 2010లో 16 అని మార్చారుగానీ నా నోటికి ఇంకా ఐదే. ఎదురొచ్చే లారీ డిమ్ము కొడితే మనమూ కొట్టేవాళ్లం, దణ్ణానికి దణ్ణం పెట్టినట్టు. ఇప్పుడు రోడ్డు వెడల్పయింది, మధ్యలో గన్నేరు చెట్లొచ్చాయి, ఆ మర్యాద మాత్రం పోయింది. లారీలోళ్లు కుడి వరస పట్టుకుని వదలరు. నా జాతే, అయినా తిడతాను. వాళ్లు తప్పుకోలేదని ఎడమ పక్క నుంచి దూరడం అందరికీ అలవాటైపోయింది. ఆ ఎడమ పక్కనే గదా ఆగిపోయిన బండ్లుండేది, వెనక లైటు లేని ట్రాక్టరుండేది! ఇంకొకటి చూశాను, వానలో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పరిగెత్తడం. నాలుగూ వెలిగితే బండి ఆగుండాదని లెక్క. అవి వేసుకుని పోయేవాడు ఎటు తిరుగుతాడో వాడికన్నా తెలుసో లేదో.

ఆగిపోయిన బండ్లన్నాను గదా, అసలు సంగతి అదే.

1987, మే నెల. ఉలవపాడు మామిడికాయల లోడు, మద్రాసు కొత్వాల్ చావిడి మార్కెట్టుకి తెల్లారేలోపు చేరాల. మనుబోలు దాటాక వెనక కమాను పట్టీ విరిగి బండి ఒక పక్కకి ఒరిగింది. మార్జిన్లో మట్టి మెత్తగా ఉంటే దించడానికి భయపడి, సగం రోడ్డు మీదే నిలిపేశాను. క్లీనరు పిల్లోడికి పదహారేళ్లుంటాయి. తుమ్మకొమ్మలు విరిచి, రోడ్డు పనికి పోసిన కుప్పలో నుంచి పెద్ద రాళ్లు ఏడు మోసుకొచ్చి బండి చుట్టూ పేర్చాడు. కొయ్య దిమ్మె పెట్టి తాళ్లతో బిగించుకునేసరికి రెండు గంటలు పట్టింది.

"రాళ్లు తీసేద్దామా అన్నా?" అన్నాడు పిల్లోడు.

"ఎక్కరా, టైమెక్కడుండాది" అన్నాను. ఆ మాట నాది.

మర్నాడు రాత్రి ఖాళీ బండితో తిరిగొస్తా అక్కడే టీకి ఆగాం. తెల్లారగట్ట పాలు పోసే అబ్బాయి సైకిలు మీద వస్తా రాళ్లు కానక పడ్డాడంట. వెనకొచ్చిన బండి కాలు మీదుగా పోయిందంట. నెల్లూరు పెద్దాసుపత్రికి ఎత్తుకుపోయారంట. ఏ లారీ నా కొడుకో వదిలేసి పోయాడని కొట్టాయన తిడతా ఉంటే నేనూ తలూపాను. టార్చి వేసి చూశాను. రాళ్లు పక్కకి దొర్లించున్నాయి. ఒకదాని మీద నల్లగా గ్రీజు, నాలుగు వేళ్లు. పక్కన మట్టి తెల్లగా అట్టకట్టి, నిండా చీమలు.

టీ డబ్బులిచ్చి వచ్చేశాం. నెల్లూర్లో ఆసుపత్రికి మళ్లుంటే పావుగంట. మళ్లలా. ఆ అబ్బాయి మళ్లీ నడిచాడో లేదో ఈ రోజుకీ నాకు తెలీదు. క్లీనరు పిల్లోడు కావలి దాకా ఒక్క మాట మాట్లాడలా, మర్నెల వేరే బండికి పోయాడు. మీ అమ్మమ్మక్కూడా చెప్పలేదు ఇది.

ఆ తర్వాత రోడ్డు మీద ఎక్కడ రాయి కనపడినా దిగి తీసేవాణ్ణి. మీ అమ్మ చిన్నప్పుడు కాబిన్లో కూర్చుని "ఎందుకు దిగావు నాన్నా?" అనేది. "బండికి అడ్డం" అనేవాణ్ణి.

నువ్వు దిగబాక. ఈ స్పీడుల్లో దిగితే రాయి కాదు, నువ్వే అడ్డమవుతావు. 1033 హైవే వాళ్ల ఫోన్ నెంబరు, టోల్‌గేటు కాడ ఆపుకుని వాళ్లకి చెప్పు. నీ బండే మొరాయిస్తే ఎంత దించగలిగితే అంత ఎడమకి దించు. నాలుగు ఇండికేటర్లు అప్పుడు వెయ్యి. కారుతో పాటు ఎర్ర త్రికోణం ఒకటి ఇస్తారు, డిక్కీలో ఉంటాది, ఇవాళే తీసి చూసుకో. దాన్ని 50 మీటర్లు వెనక పెట్టి నువ్వు రెయిలింగ్ అవతల నిలబడు. కార్లో కూర్చోబాక. పోయేటప్పుడు త్రికోణం తీసుకుని పో.

ఇంక మన ఊరి మలుపు. మనది సముద్రం వైపు, నువ్వొచ్చేది పడమటి పక్క రోడ్డు. ఊరు కనపడతా ఉంటాది, అయినా దాటి రెండు కిలోమీటర్లు పోయి బ్రిడ్జి కింద తిరిగి రావాల. మనోళ్లందరూ గన్నేరు చెట్ల సందులో దూరి రాంగ్ రూట్లో వస్తారు. నేను కూడా మోపెడ్ మీద అట్టే వస్తానని మీ అమ్మ చెప్పుంటాది. నిజమే. ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు మానేశాను, రెండు రోజులయింది.

టీకొట్టు అరుగు మీద కూర్చోనుంటాను. రోడ్డు మీదకి ఎదురు రాను. నన్ను చూసి హారన్ కొట్టబాక, నీ బండి నాకు తెలుస్తాది.

మీ తాత