పినియన్ నట్టు మీద చెయ్యి వేసే ముందు

తల్లీ,

బండి వెనక నుంచి చప్పుడు వస్తోందనీ, ఇంజిను బలాన్ని వెనక చక్రాలకు పంచే డిఫరెన్షియల్ గేర్ల పెట్టెను నువ్వే విప్పి బాగుచేస్తానన్నావనీ మీ నాన్న రాత్రి ఫోనులో చెప్పాడు. నా పక్కన కూర్చుని నట్లనూ వాషర్లనూ వేరువేరు డబ్బాల్లో వేసిన పిల్ల ఇంత పనికి పూనుకుందా అని మనసు నిండిపోయింది. ఆ తర్వాత తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

ముందు ఆ చప్పుడు ఎక్కడిదో తేల్చుకో. వేరొకరి చేత నడిపించి, నువ్వు వెనక సీట్లో కూర్చుని విను. రోడ్డు మారగానే చప్పుడూ మారితే అది టైర్లది. బండిని కాస్త ఎడమకూ కుడికీ వాల్చినప్పుడు హెచ్చుతగ్గులైతే చక్రం బేరింగుది. యాక్సిలరేటర్ తొక్కితే కూత పెట్టి, వదలగానే స్వరం మారిస్తే క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్ళచక్రం, దాన్ని తిప్పే పినియన్ అనే చిన్న గేరు, ఈ రెంటి పళ్ళను అనుమానించు. మలుపుల్లోనే టకటకమంటే లోపలి చిన్న గేర్లు. తొక్కినా వదిలినా ఒకే తీరున గరగరమంటే బేరింగు. పినియన్ చక్రాల కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి దాని బేరింగు కూత సన్నగా ఉంటుంది.

నూనె నింపే ప్లగ్గు ఊడి వచ్చాకే కింది ప్లగ్గు ముట్టుకో. పైది తుప్పుపట్టి రాకపోతే, నూనె లేని బండితో ఇరుక్కుపోతావు. కింది ప్లగ్గుకుండే అయస్కాంతం మీద పేరుకున్నది వేళ్ళ మధ్య మెత్తగా నలిగితే మామూలు అరుగుదలే. ఇనుప పలుకులు గుచ్చుకుంటే విప్పక తప్పదు. నూనె పాలరంగులో ఉంటే నీళ్ళు చేరాయని అర్థం, లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం కూడా చూడు.

ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరావని తెలిసిందో, నీతో మాట్లాడను. చదునైన నేల, ముందు చక్రాలకు అడ్డు, రెండు గట్టి స్టాండ్లు. అవి లేని రోజున పని మానుకో.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. అప్పుడు నాకు నీ వయసే. ఒక బండికి పినియన్ ఆయిల్ సీల్ కారుతోంది. చిన్న పనే అనుకున్నాను. గుర్తులేవీ పెట్టకుండా పినియన్ కొననున్న నట్టు విప్పి, కొత్త సీల్ కొట్టి, పానాకు పొడుగాటి పైపు తగిలించి నా బలమంతా పెట్టి బిగించాను. నట్టును ఎంత బిగిస్తే అంత మంచిదనే అప్పటి నా జ్ఞానం. దాని వెనక రెండు బేరింగుల మధ్య బిగించేకొద్దీ నలిగే క్రష్ స్లీవ్ అనే లోహపు గొట్టం ఉంటుందనీ, అది నలిగితే మళ్ళీ సాగదనీ, ఆ నట్టు బిగువే బేరింగుల మీద పడే ఒత్తిడనీ తెలియదు. చేత్తో తిప్పితే కాస్త బరువుగా తిరిగింది. కొత్త సీల్ కదా అని సరిపెట్టుకున్నాను. చుక్క కారలేదు. గర్వంగా బండి అప్పగించాను.

ఆ కుటుంబం మర్నాడు దూరప్రయాణం పెట్టుకుంది. దారిలో కూత మొదలైంది, నూనె మాడిన వాసన వచ్చింది, చివరికి పినియన్ బిగుసుకుపోయి వెనక చక్రాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. బండి అడ్డం తిరిగి రోడ్డు దిగింది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. నేను వెళ్ళి విప్పితే బేరింగు రోలర్లు కాలి నీలంగా మారిపోయి ఉన్నాయి. అందులో ఒకటి ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలో ఉంది. చిన్నప్పుడు నువ్వు దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇదేమిటి పెదనాన్నా, నెమలికంఠం రంగులో ఉంది?" అని అడిగావు. జవాబు చెప్పలేక పెట్టె మూసేశాను. ఇప్పుడు చెబుతున్నాను.

కాబట్టి సీల్ మాత్రమే మార్చేటట్లయితే, ఇంజిను వైపు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, వెనక చక్రాలూ బ్రేకు డ్రమ్ములో డిస్కులో తీసి, పినియన్ తిరగడానికి ఎంత బలం పడుతోందో ముందే కొలిచి రాసుకో. నట్టుకూ, పినియన్ షాఫ్టుకూ, దాని కొనకున్న ఫ్లాంజి అనే బిళ్ళకూ కలిపి పంచితో గుర్తు కొట్టు, బయటికి కనిపించే మరలు లెక్కపెట్టు. తిరిగి ఆ గుర్తుకే తెచ్చి మళ్ళీ కొలువు. బేరింగులు మారిస్తే కొత్త స్లీవ్ వెయ్యాల్సిందే. రవ్వంత బిగించు, కొలువు, మళ్ళీ రవ్వంత బిగించు. కొత్త బేరింగుకూ పాతదానికీ కొలత వేరు, నీ బండి పుస్తకంలో చూడు. కొలత దాటితే నట్టు వదులు చేసి సర్దుకుందామనుకోకు. అంతా విప్పి ఇంకో స్లీవ్ వెయ్యి. విసుగొస్తుంది తల్లీ, నాకు తెలుసు. విసుగొస్తే చేతులు కడుక్కుని పడుకో, మర్నాడు చెయ్యి.

క్రౌన్ వీల్‌ను మోసే క్యారియర్ బేరింగు టోపీలకు ఎడమ, కుడి గుర్తులు పెట్టు, తారుమారు కాకూడదు. క్రౌన్ వీల్‌ను, పినియన్‌ను జతగానే మార్చాలి. పళ్ళ మధ్య సందు డయల్ గేజీతో కొలువు, రంగు పూసి పళ్ళు ఎక్కడ ఆనుతున్నాయో చూడు. నూనె పుస్తకం చెప్పిన గ్రేడుదే పొయ్యి. ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే లిమిటెడ్ స్లిప్ రకమైతే దానికి తగినదే వాడు.

అంతా అయ్యాక పది కిలోమీటర్లు మెల్లగా నడిపి ఆపు. పినియన్ ఉన్న ముందు కొన దగ్గర హౌసింగుకు అరచెయ్యి దగ్గరగా పెట్టి చూడు. వెచ్చగా ఉంటే పరవాలేదు. ఆనించలేనంత కాలుతుంటే ఇంకొక్క అడుగు కూడా నడపకుండా నాకు ఫోను చెయ్యి. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ పెదనాన్న