సెలవులు మూడు రోజులూ ఇంట్లోనే ఉండి వంట, చుట్టాలు, అల్లిక అన్నీ కుదురుతాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వరుసగా మూడు రోజులు సెలవు వచ్చింది. ఎక్కడికీ తిరగాలని లేదు. ఇంట్లో తీరిగ్గా వండుకుంటూ, వచ్చేపోయే చుట్టాలతో నాలుగు మాటలు చెప్పుకుంటూ, ఎప్పటినుంచో మూలన పడి ఉన్న ఊలు అల్లిక ముందుకు జరపాలని ఉంది. పోయినసారి ఇలాగే అనుకుంటే వంటింట్లోంచి బయటికి రావడమే కుదరలేదు. ఈసారి ఎలా? ఇంకొకటి, ఇంటికి వచ్చినవాళ్ల ముందు చేతిలో అల్లిక పట్టుకుని కూర్చోవడం మర్యాదేనా?

నేను చాలా ఏళ్లుగా సెలవులు ఇలాగే గడుపుతున్నాను కాబట్టి చెబుతున్నాను, టైమ్‌టేబుల్ మాత్రం వేసుకోకండి. పదింటికి వంట, పన్నెండింటికి భోజనం, రెండింటికి అల్లిక అని రాసుకుంటాం. పదిన్నరకు ఎవరో తలుపు కొడతారు, దాంతో మొత్తం చెల్లాచెదురు. ఇక మిగిలేది టెన్షన్. దానికి బదులు ఏ పని మొదలుపెట్టే ముందైనా ఒక్క మాట అనుకోండి: దీన్ని ఇప్పటికిప్పుడు వదిలేసి లేవగలనా? లేవగలిగితే పెట్టుకోండి. లేవలేననిపిస్తే అది మనుషులు వచ్చే రోజు చేసే పని కాదు, ఇంకెప్పుడైనా చూద్దురుగాని. వంటకైనా, అల్లికకైనా ఇదే లెక్క.

ముందు అల్లిక సంగతి చూద్దాం. సెలవు దొరికింది కదా అని చాలామంది తమ దగ్గరున్న అన్నింటికంటే కష్టమైన డిజైన్ బయటికి తీస్తారు. సెలవంటే ఖాళీ సమయం, ఖాళీ సమయమంటే ఏకాగ్రత అనుకుంటాం. ఇంటికి మనుషులు వచ్చే సెలవుల్లో ఖాళీ ఉంటుంది గానీ ఏకాగ్రత ఉండదు. కన్నాలతో జల్లెడలా ఉండే లేస్ డిజైన్‌లో సూది మీద దారం వేసి కొత్త కన్నం చేయడం, రెండు స్టిచ్‌లు కలిపి ఒకటి చేయడం జంటగా నడుస్తాయి. ఒక్కచోట దారం వేయడం మరిచినా ఆ వరుస లెక్క మొత్తం పక్కకు జరుగుతుంది. కేబుల్ డిజైన్ కూడా అంతే. ఏ వరుసలో జడ తిప్పాలో గుర్తుండాలి. ఎవరో పెళ్లి సంబంధం గురించి చెబుతుంటే ఏ వరుసలో ఉన్నామో ఎవరికి గుర్తుంటుంది?

ఇలాంటి రోజులకు గార్టర్ అల్లిక ఎంత మంచిదో చెప్పలేను. ప్రతి వరుసా నిట్ స్టిచ్‌తోనే, అంటే అల్లికలో అందరూ మొదట నేర్చుకునే మామూలు స్టిచ్‌తోనే అల్లుకుంటూ పోవడం, అంతే. రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు చుట్టుకుపోవు, లెక్కపెట్టాల్సింది ఏమీ లేదు. మఫ్లర్‌కూ, చిన్నపిల్లల దుప్పటికీ బాగుంటుంది. ఒక వరుస నిట్, ఒక వరుస దానికి తిరగేసిన పర్ల్ చేసే స్టాకినెట్ చూడటానికి నున్నగా ఉంటుంది గానీ అంచులు లోపలికి చుట్టుకుంటాయి. దాంతో మఫ్లర్ అల్లితే కాసేపటికి గొట్టంలా తయారవుతుంది. అదే స్టాకినెట్‌ని సర్క్యులర్ సూది (రెండు మొనల్ని మెత్తటి తీగ కలిపి ఉంచేది) మీద గుండ్రంగా అల్లితే పర్ల్ అవసరమే ఉండదు. టోపీ అయితే పై భాగంలో స్టిచ్‌లు తగ్గించడం మొదలయ్యే వరకు గుండ్రంగా తిరుగుతూ పోవడమే. కబుర్ల మధ్య అల్లడానికి నా ఓటు దానికే.

ఒకవేళ మూలన పడి ఉన్నది లేస్ పనే అయితే, దాన్ని ముట్టుకోవద్దని అనను. ఇల్లు నిద్రలేవక ముందు ఓ గంట దానికి ఇవ్వండి. ఆపేముందు సూది మీదున్న స్టిచ్‌లన్నింటి గుండా వేరే రంగు సన్నటి దారం ఒకటి గుచ్చి ఉంచండి. తర్వాత ఎక్కడ తప్పు పోయినా విప్పుకుంటూ వచ్చి ఆ దారం దగ్గర ఆగిపోవచ్చు, దానికంటే కిందికి ఊడదు. అల్లేవాళ్లు దీన్ని లైఫ్‌లైన్ అంటారు. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ ఉంటుందే, అది నున్నగా ఉంటుంది కాబట్టి దీనికి చక్కగా పనికొస్తుంది.

వరుస చివరికి వచ్చాకే ఆపడం మంచి అలవాటు. కానీ తలుపు కొట్టేవాళ్లు వరుస చివరిదాకా ఆగరు కదా. మధ్యలో వదిలేసి వెళ్లి, తిరిగొచ్చాక ఎటునుంచి ఎటు అల్లుతున్నామో తెలియక తికమకపడి, వ్యతిరేక దిశలో అల్లేసేవాళ్లు ఎంతోమంది. గుర్తు చాలా తేలిక: ఉండ నుంచి వచ్చే దారం ఏ సూది మీది స్టిచ్‌కు తగులుకుని ఉందో ఆ సూది కుడిచేతిలోకి రావాలి. కుడిచేతి వాటం వాళ్లకు ఇదొక్కటి చాలు. సూదుల మొనలకు రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టి పెడితే స్టిచ్‌లు జారిపోవు. పిల్లలు వచ్చే ఇల్లయితే ఇది తప్పనిసరి.

మీకు క్రోషే, అంటే ఒకే కొక్కెంతో అల్లడం వస్తే మాత్రం మీరు అదృష్టవంతులే. నిట్టింగ్‌లో వరుసలోని స్టిచ్‌లన్నీ సూది మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటాయి. క్రోషేలో సాధారణంగా కొక్కెం మీద ఉండేది ఒకటే లూప్. దాన్ని కాస్త పెద్దగా లాగి వదిలేసి ఎటైనా వెళ్లొచ్చు. చుట్టాల ఇంట్లో కూర్చుని చేయడానికైతే నేను ఎప్పుడూ క్రోషేనే పట్టుకెళ్తాను.

కొత్తగా స్వెటర్ మొదలుపెట్టాలని ఉంటే కొలత చూసుకునే ముక్కను సెలవులకు ముందే అల్లి, ఉతికి, ఆరబెట్టి ఉంచుకోండి. విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటాను. కానీ లెక్క చూడండి: 10 సెంటీమీటర్లకు 22 స్టిచ్‌లు రావాలని డిజైన్‌లో ఉంది, మీ చేతికి 20 వస్తున్నాయి. తేడా రెండే కదా అనిపిస్తుంది. 220 స్టిచ్‌లు వేస్తే 100 సెంటీమీటర్ల చుట్టుకొలత రావాల్సిన స్వెటర్ కాస్తా 110 సెంటీమీటర్లు అవుతుంది. అంటే అల్లిక వదులుగా ఉందని అర్థం, సూది ఒక సైజు తగ్గించి చూడాలి. ఊలు కూడా ముందే సరిపడా ఒకేసారి కొని, లేబుళ్ల మీద రంగు లాట్ నంబరు ఒకటేనా అని చూసుకోండి. ఒకే రంగు పేరు ఉన్నా లాట్ మారితే ఛాయలో తేడా రావచ్చు. షాపు వెలుతురులో కనిపించని ఆ తేడా ఒంటి మీద వేసుకున్నాక అడ్డగీతలా కనిపిస్తుంది.

ఇక వంట. నూనెలో వేయించేవి, పాకం పట్టేవి ఈ మూడు రోజులూ వద్దు. వాటి దగ్గరనుంచి కదలడానికి లేదు, మరిగే నూనెను పొయ్యి మీద వదిలి తలుపు తీయడానికి వెళ్లడం ప్రమాదం కూడా. మన ప్రమేయం లేకుండా వాటంతట అవి తయారయ్యేవి ఎంచుకోండి. ఈస్ట్ కలిపిన పిండి అలాంటిదే. గది వేడిలో గంటా రెండు గంటల్లో పొంగేది ఫ్రిజ్‌లో పెడితే రాత్రంతా తీసుకుంటుంది. చలికి ఈస్ట్ నెమ్మదిస్తుంది, రుచేమో ఇంకాస్త బాగుంటుంది. పొద్దున్న తొమ్మిదింటికి కాల్చాల్సింది పదకొండింటికి కాల్చినా కొంప మునగదు.

గింజలు నానబెట్టడం కూడా ఇలాంటి పనే. రాత్రి నీళ్లలో వేస్తే మీ పని అయిపోయినట్టే. రాజ్మా విషయంలో మాత్రం ఒక జాగ్రత్త ఉంది. పచ్చి రాజ్మాలో ఒక రకం లెక్టిన్ (ఒంటికి పడని ప్రోటీన్) ఉంటుంది, సరిగా ఉడక్కపోతే వాంతులు, విరేచనాలు తప్పవు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా తెర్లేలా కనీసం 10 నిమిషాలు మరిగించాలి. 30 నిమిషాలైతే నిశ్చింత. ప్రెషర్ కుక్కర్ ఉన్న ఇంట్లో ఈ బెంగ లేదు. స్లో కుక్కర్‌లో నేరుగా పడేసి మరిచిపోయే అలవాటు ఉన్నవాళ్లకే హెచ్చరిక, అందులో వేడి ఆ స్థాయికి చేరకపోవచ్చు. ముందు విడిగా మరిగించి ఆ తర్వాత అందులో వేయండి.

పెద్ద గిన్నెడు వండి రెండు పూటలకు సర్దుకోవడం నాకూ ఇష్టమే. అయితే కబుర్లలో పడి వండినవి బల్ల మీదే వదిలేస్తాం, అక్కడ గడియారం చూసుకోవాలి. బయట 2 గంటలకు మించి ఉంచకూడదు. ముఖ్యంగా అన్నం. బియ్యంలో ఉండే ఒక బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిలో ఎక్కువసేపు ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వెడల్పాటి గిన్నెల్లో పలచగా సర్దితే త్వరగా చల్లారుతుంది, వెంటనే ఫ్రిజ్‌లోకి తోసేయొచ్చు.

ఉల్లిపాయలు ఐదు నిమిషాల్లో గోధుమరంగుకు వస్తాయని రాసే వంటల వాళ్ల మీద నాకు పాత కోపం ఉంది. సన్నటి మంట మీద తియ్యగా మారేదాకా వేగాలంటే ముప్పావు గంట పడుతుంది. అప్పుడప్పుడు కలుపుతూ ఉండాలి గానీ బుర్ర పెట్టాల్సిన పని లేదు, కావాలంటే మంట ఆపేసి తర్వాత కొనసాగించవచ్చు. అందుకని ఆ పనిని నేను ఎవరైనా దగ్గరివాళ్లు వచ్చినప్పటికి దాచుకుంటాను. వాళ్లు వంటింట్లోనే స్టూలు వేసుకుని కూర్చుంటారు. హాల్లో ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు అక్కడ వస్తాయి. కాయలు ఒలిచే పని ఉంటే ఒక గిన్నె వాళ్ల చేతికీ ఇస్తాను. ఎవరూ కాదనలేదు ఇప్పటివరకు, పైగా ఖాళీ చేతులతో కూర్చున్న ఇబ్బంది వాళ్లకూ పోతుంది.

మర్యాద విషయానికొస్తే, అది వచ్చినవాళ్లను బట్టి. అక్కచెల్లెళ్లు, వదినలు, స్నేహితులు అయితే ఆలోచించక్కర్లేదు. పెద్దవాళ్లయితే ముందే ఒక మాట అనేయండి, "చేతులు ఊరికే ఉండవు పెద్దమ్మా, మీరు చెప్పండి, నేను వింటూనే ఉంటాను" అని. మీ చూపు అల్లిక మీద కాకుండా వాళ్ల మొహం మీద ఉంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు. చూడకుండా అల్లగలిగే డిజైన్ పెట్టుకోమన్నది అందుకు కూడా. కానీ ఎవరైనా మనసులో బరువైన సంగతి పెట్టుకుని వచ్చారని తోస్తే వరుస మధ్యలోనైనా సరే పక్కన పెట్టేయండి.

ఇంటికి వచ్చినవాళ్లలో ఒకరు తప్పకుండా అడుగుతారు, "ఇంత కష్టం ఎందుకు, షాపులో దొరకవా?" అని. మా అత్తయ్య ప్రతిసారీ అడుగుతుంది. 1589లోనే విలియం లీ అనే ఇంగ్లండ్ మతాచార్యుడు మేజోళ్లు అల్లే యంత్రం తయారుచేశాడు అత్తయ్యా, నాలుగు వందల ఏళ్లుగా ఎవరికీ చేత్తో అల్లాల్సిన అవసరం లేదు, అయినా అల్లుతూనే ఉన్నారు అంటాను. ఆవిడ నవ్వి, తనకో జత మేజోళ్లు కావాలంటుంది. ఇలాంటి ఆర్డర్లకు గడువు మాత్రం చెప్పకండి.

చేతుల సంగతి మరవద్దు. నెలల తరబడి ముట్టుకోకుండా ఒక్కసారిగా పూటంతా అల్లితే మణికట్టు, బొటనవేలి మొదలు పట్టేస్తాయి. అరగంటకోసారి లేవండి, సూదిని బిగించి పట్టుకోకండి. నొప్పి వచ్చాక కూడా ఈ వరుస అయ్యాక ఆపుదామని లాగితే సెలవులయ్యాక ఆఫీసులో తెలుస్తుంది.

మీ అల్లిక పూర్తయిపోతే వెంటనే ఉతికి ఆరేయాలనిపిస్తుంది. అసలు ఊలైతే వేడినీళ్లు, గట్టిగా పులమడం రెండూ పనికిరావు. ఆ పోగుల మీద సన్నటి పొలుసులు ఉంటాయి, వేడికీ రాపిడికీ అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని స్వెటర్ ముద్దకట్టి చిన్నదైపోతుంది. చల్లటి నీళ్లలో పావుగంట నాననిచ్చి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, చదునుగా పరిచి కొలతకు సరిచేయండి. తీగ మీద వేలాడదీస్తే బరువుకు సాగిపోతుంది. ఊలు తన బరువులో దాదాపు 30 శాతం తేమను పట్టుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. కాబట్టి ఆరిందనిపించాక ఇంకో రోజు అలాగే వదిలేసి అప్పుడు మడత పెట్టండి. పరచడానికి చుట్టాలు పడుకునే మంచం మాత్రం ఎంచుకోకండి.