ఆంటీ అని మాత్రం పిలవకు

చి.సౌ. శారదకు మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మాయి పెళ్లి కబురు, అబ్బాయి సంగతి మీ అమ్మకి నన్నే చెప్పమంటూ నువ్వు పెట్టిన మెసేజి మూడుసార్లు చదివాను. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను కేకలేస్తాను, పని జరగదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ ఫొటో సంగతి. తెనాలిలో మీ అమ్మకి పంపిన ఫొటోలో అబ్బాయి నాలుగు ఛాయలు తేలాడు. నాకు పంపినదాంట్లో అలా లేడు. ఎవరు దిద్దారో అడగను. మే నెలలో ఆవిడ డల్లాస్‌లో విమానం దిగి అసలు మనిషిని చూస్తుంది కదా, అప్పుడేం చెబుతావు? ఇవాళే అసలు ఫొటో పంపు. "అబ్బాయి నల్లజాతి అమెరికన్ అమ్మా. వాళ్ల నాన్న ఆర్మీలో చేసి రిటైరయ్యాడు, తల్లి స్కూల్లో టీచరు" అని మొదటి మాటగానే చెప్పు. నన్ను చెప్పమన్నావు. చెప్పను. కూతురి పెళ్లి కబురు కన్నతల్లే చెప్పాలి. తర్వాత ఆవిడ నాకు ఫోన్ చేసి తిడుతుంది. ఆ తిట్లు నా వాటా, నేను పడతాను.

నీకు కోపం వచ్చినా ఒక మాట అంటాను. చిలుకూరి ఉష భర్త జె.డి. వాన్స్ అమెరికా ఉపాధ్యక్షుడు అయినప్పుడు మన వాట్సాప్ గ్రూపులన్నీ "మన తెలుగమ్మాయి" అంటూ ఊగిపోయాయి. నువ్వూ దండం బొమ్మలు పెట్టావు. పెళ్లికొడుకు తెల్లవాడైతే "ఎంత బాగా కలిసిపోయాడో" అంటాం. నల్లవాడైతే "పిల్లకి ఏమైంది?" అంటాం. రెండూ కులం కాని పెళ్లిళ్లే, మతం కాని పెళ్లిళ్లే. తేడా ఎక్కడుందో నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ తేడా మనం ఇక్కడికొచ్చి నేర్చుకున్నది కాదు. పెళ్లిచూపుల్లో "పిల్ల చామనఛాయ" అని గొంతు తగ్గించి చెప్పే రోజుల నుంచీ పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్నదే.

నేనేమీ తక్కువ తినలేదు. 1975లో ఇక్కడ ఇల్లు వెతుక్కుంటుంటే ఫోన్లో ఖాళీగా ఉందన్న ఇల్లు నా మొహం చూడగానే నిండిపోయేది. ఒక్క వారంలో మూడిళ్లు అలా నిండాయి. చివరికి పై వాటా ఇచ్చింది ఒక నల్లజాతి ముసలావిడ. రెండేళ్లున్నాం. ఆవిడ చేసిన కార్న్‌బ్రెడ్ మీ అత్తయ్య కందిపప్పుతో తినేది. అయినా ఇండియాకి రాసిన ఉత్తరాల్లో ఇల్లు ఎవరిదో ఒక్కసారి కూడా రాయలేదు నేను. అది ఇప్పటికీ గుర్తొస్తుంది.

అబ్బాయి నాయనమ్మ అలబామాలో పుట్టిందన్నావు, ఎనభై దాటాయన్నావు. లెక్క వేసి చూడు. ఆవిడకి ఇరవై ఏళ్లప్పుడు అక్కడ నల్లవాళ్లు ఓటు నమోదుకు వెళ్తే ఎవరికీ సమాధానం రాని పరీక్షలు పెట్టి తిప్పి పంపేవాళ్లు. 1965 ఆగస్టులో అధ్యక్షుడు జాన్సన్ ఓటు హక్కు చట్టం మీద సంతకం పెట్టాడు. రెండు నెలలు తిరక్కుండా, అక్టోబరు 3న, అదే జాన్సన్ వలస చట్టం మీద పెట్టాడు. అప్పటిదాకా మన దేశానికి కోటా ఏడాదికి వంద మంది. అంతకు ముందు, 1923లో, భగత్ సింగ్ థిండ్ అనే ఆయన నేను అగ్రకులపు ఆర్యుణ్ణి, తెల్లవాణ్ణే, పౌరసత్వం ఇవ్వండని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఇవ్వం పొమ్మన్నారు. కులం కార్డు అక్కడ చెల్లలేదు. ఆ నాయనమ్మలాంటి వాళ్లు రోడ్లెక్కి దెబ్బలు తిన్న కాలపు గాలి లేకపోతే నా వీసా ఎక్కడ, మీ ఇల్లెక్కడ! అలాగని ఆ అబ్బాయిని అప్పు తీర్చడానికి చేసుకుంటున్నట్టు చూడకు. వాడు అల్లుడు, ఉద్యమం కాదు. మీ అమ్మాయి ఫేస్‌బుక్కులో రాసేది చదివితే నాకు ఆ భయమూ ఉంది.

ఇక్కడ వర్జీనియాలో రిచ్‌మండ్ నుంచి నలభై మైళ్లు వెళ్తే బౌలింగ్ గ్రీన్ అని చిన్న ఊరు. 1958లో లవింగ్ దంపతులను, అతను తెల్లవాడు, ఆమె కాదు, వాషింగ్టన్‌లో పెళ్లి చేసుకుని వచ్చారని అర్ధరాత్రి పడకగదిలోంచి లేపి ఆ ఊరి జైల్లో పెట్టారు. పాతికేళ్లు రాష్ట్రంలో కలిసి అడుగు పెట్టకండి, లేకపోతే ఏడాది శిక్ష అన్నారు. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు జాతులు కలిసిన పెళ్లిని నేరం చేసిన ఆ చట్టాన్ని కొట్టేసింది. ఇంకో పదిహేను రాష్ట్రాల్లోనూ అలాంటివి ఉన్నాయి అప్పుడు, మీ టెక్సాస్‌తో సహా. అలబామా అయితే ఆ నిషేధాన్ని తన రాజ్యాంగంలోంచి 2000లో గానీ తీసెయ్యలేదు, అదీ పదిమందిలో నలుగురు ఉంచమని ఓటేశాక. మరోపక్క ఇదీ చూడు: నల్ల తెల్ల పెళ్లిని ఒప్పుకుంటారా అని సర్వేలు చేసే గ్యాలప్ వాళ్లు 1958లో అడిగితే నూటికి 4 మంది అవునన్నారు, 2021లో 94 మంది. ఈ దేశం ఏం మారలేదనేవాళ్లనీ, అంతా మారిపోయిందనేవాళ్లనీ నేను ఒకేలా నమ్మను.

ఇక అసలు పని. శనివారం వాళ్లు మీ ఇంటికొస్తున్నారు.

పెద్దావిడని "ఆంటీ" అనకు. మనకి కూరగాయల కొట్టులో కనిపించినావిడ కూడా ఆంటీయే, అలవాటుగా నోటికొచ్చేస్తుంది. దక్షిణాది తెల్లవాళ్లు నల్ల ఆడవాళ్లని "మిసెస్" అనడం ఇష్టం లేక ఎనభై ఏళ్ల మనిషిని కూడా పేరు పెట్టో, "ఆంటీ" అనో పిలిచేవాళ్లు. ఆ పిలుపు విని పెరిగిన మనిషి ఆవిడ. ఇంటిపేరు ముందు మిసెస్ చేర్చి పిలువు. వేరేలా పిలవమని ఆవిడే చెబితే అప్పుడు చూద్దాం. ఇంకోటి, వాళ్ల ముందు తెలుగులో గుసగుసలు వద్దు. మా చిన్నల్లుడు మొదటిసారి వచ్చినప్పుడు మీ అత్తయ్య "కాస్త లావుగా ఉన్నాడు గానీ మంచివాడే" అంది. వాడు నవ్వి "లావు నాకు తెలుసు" అన్నాడు, తెలుగులో.

మీ ఆయనకి చెప్పు, హార్వర్డ్ కేసు, అదే కాలేజీ సీట్లకి జాతిని చూడకూడదన్న తీర్పు, ఎత్తొద్దని. 2023లో వచ్చిన ఆ తీర్పు మీద నాకూ అభిప్రాయం ఉంది. మన పిల్లల పట్ల కాలేజీలు సరిగ్గా వ్యవహరించలేదనే అనుకుంటాను. రెండు వందల ఏళ్ల వెనకబాటు ఒక్క తీర్పుతో చెరిగిపోదనీ అనుకుంటాను. ఈ రెండూ ఒకే బుర్రలో పడతాయి, కాస్త సర్దుకోవాలి అంతే. కానీ మొదటి భోజనం దానికి చోటు కాదు. వాళ్లు ఏ పార్టీయో ముందే తేల్చేసుకోవద్దు కూడా. నల్లవాళ్లలో ఎక్కువమంది డెమోక్రాట్లే, నిజమే, కానీ ఆర్మీలో పాతికేళ్లు చేసి చర్చిలో డీకన్‌గా, అంటే చర్చి పనులు చూసే పెద్దగా, ఉన్న మనిషి తుపాకుల మీద, గర్భస్రావం మీద మీ ఆయన మాటే అన్నా నేను ఆశ్చర్యపోను. నేను రీగన్‌కి ఓటేశాను, ఒబామాకీ వేశాను. రెండుసార్లూ ఇంట్లో తిట్లే.

పోలీసుల మాట వాళ్లు ఎత్తితే మాత్రం మీ ఆయన్ని ఊరికే వినమను. 1981లో ఆఫీసు పని మీద ఒక నల్లజాతి ఇంజనీరుతో వెళ్తుంటే వెనక ఎర్రలైట్లు వెలిగాయి. అతను బండి ఆపి, లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ పైన వేళ్లు విప్పి పెట్టాడు. "నీ చేతులు మోకాళ్ల మీద పెట్టు, జేబు ముట్టుకోకు" అన్నాడు నాతో. గొంతు చాలా మామూలుగా ఉంది, అదే నన్ను భయపెట్టింది. వెనక దీపం ఒకటి పోయిందట, చీటీ ఇచ్చి పంపారు. ఏమీ జరగలేదు. అదే రోడ్డు మీద నేను అప్పటికి ఆరేళ్లుగా తిరుగుతున్నాను, ఒక్కసారి కూడా ఆ విద్య అవసరపడలేదు. రేపు నీ మనవడికి అది నేర్పాల్సింది మీ అల్లుడే.

పెళ్లి మన పద్ధతిలో అన్నారు, సంతోషం. టెక్సాస్‌లో కౌంటీ లైసెన్సు తీసుకున్నాక 72 గంటలు ఆగాలి, ముహూర్తం చూసుకుని తెచ్చుకోండి. వాళ్లు చివర్లో చీపురు దాటే ఆచారం పెడతామంటే ఉలిక్కిపడకు. బానిసలుగా ఉన్నప్పుడు వాళ్ల పెళ్లిళ్లకి చట్టం లేదు, చీపురు దాటడమే పెళ్లి. మనకేమో చీపురు లక్ష్మి, దాటకూడదు. మీ అమ్మ గొడవ చేస్తుంది. కొత్త చీపురు కొని పసుపు కుంకుమ పెట్టించు, ఆవిడ చేతే. పురోహితుడికి నేను చెబుతాను.

కాళ్లు కడిగే దగ్గర మీ ఆయన వెనకాడుతున్నాడని రాశావు. సంతోషంగా చేయగలిగితేనే ఆ పీట మీద కూర్చోమను, లేకపోతే నేను కడుగుతాను, మనవరాలి తరఫున నాకూ హక్కుంది. అబ్బాయి తండ్రికి మాత్రం ముందే చెప్పండి, ఇది అవమానం కాదు, మర్యాద అని. నువ్వు అంతగా వివరించక్కర్లేదు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు శిష్యుల కాళ్లు కడుగుతాడు, డీకన్‌కి అది కంఠోపాఠంగా ఉంటుంది.

మా ఇంట్లో ఉన్న వెండి పళ్లెం తెస్తానన్నాను గానీ, అబ్బాయి బూటు సైజు పదమూడు అన్నావు కదా. నిన్న కొలిచి చూశాను, అది చాలదు. మీ ఊళ్లో ఇత్తడిది ఏదైనా పెద్దది దొరుకుతుందేమో చూడు. చెంబు నేను తెస్తాను.

మావయ్య