కాంట్రాక్టులు చూసుకోవడానికి లా డిగ్రీ కావాలా?

ప్రశ్న: బీకాం చదివి, ఒక నిర్మాణ సంస్థ కొనుగోళ్ల విభాగంలో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఇకపై సప్లయర్ల, సబ్‌కాంట్రాక్టర్ల కాంట్రాక్టులతో పాటు క్లయింటుతో ఉన్న ప్రధాన కాంట్రాక్టు కూడా నన్నే చూసుకోమంటున్నారు. ఉద్యోగం మానేసి లా చదవాలా? కాంట్రాక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సు చేస్తే సరిపోతుందా? రెండు రోజుల శిక్షణ నుంచి ఏడాది డిప్లొమా దాకా ఉన్నాయి. ఏది ఎంచుకోవాలో తెలియడం లేదు.
- ఒక పాఠకురాలు

జవాబు: ఉద్యోగం మానకండి. మీకు అప్పజెప్పిన పనికి లా డిగ్రీ అక్కర్లేదు. కాంట్రాక్టు రాయడానికి, వివాదం వస్తే వాదించడానికి లాయర్లు ఉంటారు. ఆ రెంటికీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి కాంట్రాక్టును నడిపించేవాళ్లు కావాలి. ఆ పని సంతకాలు అయిన మర్నాడు మొదలవుతుంది. చాలా ఆఫీసుల్లో సరిగ్గా ఆ రోజే ఫైలు బీరువాలోకి వెళ్లిపోతుంది.

నేను సలహాలిచ్చే ఈ పనిలోకి రాకముందు కాంట్రాక్టుల విభాగంలోనే ఉండేవాణ్ని. చేరిన కొత్తలోనే ఒక దెబ్బ తగిలింది. క్లయింటు ఇవ్వాల్సిన డ్రాయింగులు నెల పైగా ఆలస్యమయ్యాయి. ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. మా సైట్ ఇంజినీరు రోజూ ఫోన్లో అడుగుతూనే ఉన్నారు. మీటింగుల్లో కూడా చర్చకు వచ్చింది. చివరికి మేం గడువు పెంచమని అడిగితే అవతలివాళ్లు ఒక క్లాజు తీసి చూపించారు. ఆలస్యానికి కారణమైన సంగతి తెలిసిన 28 రోజుల్లోపు, కాంట్రాక్టులో రాసిన చిరునామాకు, రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని అందులో ఉంది. మేం ఇవ్వలేదు. గడువు పెరగలేదు, అదనపు ఖర్చూ రాలేదు. ఆ క్లాజు చదవాల్సింది నేనే. ఈ విద్య ఎవరికైనా నేర్పాల్సి వస్తే నేను నోటీసుతోనే మొదలుపెడతాను.

మీది నిర్మాణ రంగం కాబట్టి ఈ 28 రోజుల లెక్క మీకు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అది ఫిడిక్ నమూనా కాంట్రాక్టుల్లోది. ఫిడిక్ అంటే 1913లో ఏర్పడిన కన్సల్టింగ్ ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య. నిర్మాణ పనులకు అది ఇచ్చే నమూనా కాంట్రాక్టును రెడ్ బుక్ అంటారు. దాని 1999 ఎడిషన్‌లో నోటీసుకు 28 రోజులు, పూర్తి లెక్కలతో క్లెయిమ్ పెట్టడానికి 42 రోజులు ఉండేవి. 2017 ఎడిషన్‌లో రెండోది 84 రోజులైంది, మొదటిది మాత్రం మారలేదు. ఎన్‌ఈసీ4 అనే ఇంకో నమూనాలో పద్ధతి వేరు. అక్కడ కాంట్రాక్టరు నోటీసు ఇవ్వాల్సిన చాలా సందర్భాల్లో గడువు ఎనిమిది వారాలు. దానితోపాటు, ఖర్చో ఆలస్యమో పెంచే విషయం ఏదైనా కంటపడగానే ఎదుటి పక్షాన్ని ముందే హెచ్చరించాలన్న బాధ్యత ఇద్దరి మీదా ఉంటుంది. మీ కాంట్రాక్టు వీటిలో ఏ నమూనా మీద రాసినా, ప్రత్యేక షరతుల్లో (ఆ ఒక్క ప్రాజెక్టు కోసం చేర్చిన మార్పుల్లో) ఈ రోజుల్ని మార్చి ఉండొచ్చు. అందుకని ముందు ఆ ప్రత్యేక షరతులు చదవండి, తర్వాతే సాధారణ షరతులు.

కోర్సు ఎంచుకునేటప్పుడు బ్రోషర్ చూసి నిర్ణయించుకోకండి. నిర్వాహకులకు ఫోన్ చేసి, క్లాసులో పూర్తి కాంట్రాక్టు ఒకటి చేతికిచ్చి చదివిస్తారా, మా చేత ఏం రాయిస్తారు అని అడగండి. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం అంటూ నిర్వచనాలతోనే సరిపెట్టే శిక్షణ పరీక్షకు పనికొస్తుంది గానీ మీ బల్ల మీదకు వచ్చే చిక్కుల్ని తీర్చదు. స్పెసిఫికేషన్‌లో ఒకటి, డ్రాయింగులో ఇంకొకటి ఉంటే ఏది చెల్లుతుంది? నోటిమాటగా చెప్పిన అదనపు పనికి ఆర్డరు ఎలా రాబట్టాలి? పెర్ఫార్మెన్స్ బ్యాంక్ గ్యారంటీ (పని సరిగా చేయకపోతే సొమ్ము కడతామని బ్యాంకు ఇచ్చే హామీ) గడువు ముగిసేలోపు పొడిగింపు ఎప్పుడు అడగాలి? ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. సబ్‌కాంట్రాక్టరు ఇచ్చిన గ్యారంటీ గడువు దాటిందంటే, పని ఇంకా సగంలోనే ఉన్నా, మీ చేతిలోని భద్రత పోయినట్టే.

విదేశాల నుంచి సామగ్రి తెప్పించుకుంటుంటే ఇన్‌కోటెర్మ్స్ 2020 మీద ఒక పూట కూర్చోండి. సరుకు రవాణాలో ఖర్చు, నష్టభయం ఎవరివో చెప్పే అంతర్జాతీయ వాణిజ్య పదాలివి. మొత్తం 11 పదాలే. వాటిలో ఒకటైన సీఐఎఫ్ అంటే ఓడ కిరాయి, బీమా అమ్మేవాళ్లే కడతారు కాబట్టి సరుకు మన రేవుకు చేరేదాకా నష్టమూ వాళ్లదేననుకుంటారు చాలామంది. నిజానికి బయలుదేరే రేవులో సరుకు ఓడలోకి ఎక్కడంతోనే నష్టభయం కొనేవాళ్లకు మారిపోతుంది.

ఇక సర్టిఫికెట్ల సంగతి. వరల్డ్ కామర్స్ అండ్ కాంట్రాక్టింగ్ (2020కి ముందు దీని పేరు ఐఏసీసీఎం) ఇచ్చేవి అన్ని రంగాలకూ పనికొస్తాయి. అమెరికాలోని ఎన్‌సీఎంఏ (నేషనల్ కాంట్రాక్ట్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్) 1959 నుంచి ఉన్న సంస్థే అయినా, దాని మూలాలు అక్కడి ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన సీఐపీఎస్ (చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రొక్యూర్‌మెంట్ అండ్ సప్లై) కొనుగోళ్ల వైపు నుంచి వచ్చేవాళ్లకు సరిపోతుంది. మీ అనుభవం కొనుగోళ్లలోదే కాబట్టి ఏడాది తర్వాత సీఐపీఎస్ వైపు చూడండి. ఇప్పుడైతే మీ సంస్థ వాడే నమూనా కాంట్రాక్టు మీదే జరిగే చిన్న శిక్షణ చాలు. ఏడాది డిప్లొమాకు ఇప్పుడే ఫీజు కట్టడం నాకు సరైన పనిగా తోచడం లేదు. ఆరు నెలలు కాంట్రాక్టులు నడిపి చూస్తే మీకు ఏం రాదో మీకే తెలుస్తుంది. అప్పుడు కోర్సు ఎంచుకోవడం తేలిక.

ఈలోగా ఒక సాధన చేయండి. ప్రస్తుతం నడుస్తున్న కాంట్రాక్టు ఒకటి ప్రింటు తీసుకోండి. ఇంగ్లిషులో ‘షల్’ అని ఉన్నచోటల్లా గీత గీయండి, మీ సంస్థ చేయాల్సినవి ఒక రంగుతో, అవతలివాళ్లు చేయాల్సినవి ఇంకో రంగుతో. ‘మే’ అని ఉన్నవి వదిలేయండి, అవి చేయొచ్చు, మానొచ్చు. ‘షల్’ మాత్రం చేసి తీరాల్సిందే. గీత పడిన ప్రతిదానికీ ఎవరు చేయాలి, ఏ తేదీలోగా, తప్పితే ఏమవుతుంది, ఏ క్లాజు అని ఒక షీట్‌లో ఎక్కించండి. మొదటిసారి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ షీటే మీ అసలు పాఠ్యపుస్తకం.

తర్వాత నోటీసు రాయడం అలవాటు చేసుకోండి. ఎంత చిన్నగా ఉంటుందో చూడండి:

“ఇది క్లాజు 20.1 కింద ఇస్తున్న నోటీసు. 3వ తేదీకి అందాల్సిన పునాది డ్రాయింగు ఈ రోజు, అంటే 17వ తేదీ వరకు అందలేదు. దీనివల్ల పని గడువు, ఖర్చు రెండూ పెరిగే అవకాశం ఉంది. పూర్తి వివరాలు విడిగా పంపుతాం.”

నాలుగు వాక్యాలు. కోపం లేదు, నింద లేదు. నోటీసు పంపితే సంబంధాలు చెడతాయని మీ సైట్ వాళ్లు అడ్డు చెప్పవచ్చు. పంపే ముందు అవతలి ఇంజినీరుకు ఫోన్ చేసి, పద్ధతి ప్రకారం ఒక ఉత్తరం వస్తుందని చెప్పండి. నా అనుభవంలో దానికి ఎవరూ నొచ్చుకోలేదు. పంపినట్టు, అందినట్టు రుజువు మాత్రం ఫైలులో ఉంచండి. కాంట్రాక్టులో ఒప్పుకోనంతవరకు వాట్సాప్ మెసేజ్‌ను నోటీసుగా లెక్కపెట్టుకోవద్దు.

కాంట్రాక్టు రద్దు చేయడం, గ్యారంటీ సొమ్ము రాబట్టడం, ఆలస్యానికి పెనాల్టీ కోయడం వంటివి సొంతంగా చేయకండి. కాంట్రాక్టుకు వర్తించే చట్టం ఏ దేశానిదన్న దాన్నిబట్టి వీటి ఫలితం మారుతుంది. అక్కడ లాయర్ని పిలవాల్సిందే. మీ షీట్ వాళ్ల ముందు పెడితే సగం పని అయిపోయినట్టే.

మీ పై అధికారిని శిక్షణ ఫీజు ఎలాగూ అడుగుతారు. దానితోపాటు ఇంకొకటి కూడా అడగండి. ఇకనుంచి ప్రతి కాంట్రాక్టు డ్రాఫ్టూ సంతకానికి కనీసం వారం ముందు మీ చేతికి రావాలి. ఏడు రోజుల్లో ఇన్వాయిస్ పరిశీలించాలని రాసి ఉంటే, మీ అకౌంట్స్ వాళ్లకు పది రోజులు పడుతుందన్న సంగతి డ్రాఫ్టు రాసినవాళ్లకు తెలియదు, మీకు తెలుసు.