పసిబిడ్డకు నాలుక కింద పొర బిగుతుగా ఉంటే కోయించాలా?

మీ బాబుకి మూడు వారాలు, నాలుక కింద పొర బిగుతుగా ఉంది, ఇప్పుడే కోయించకపోతే మాటలు రావని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. మా పాపకీ ఇదే సమస్య, కాబట్టి మీ టెన్షన్ నాకు బాగా తెలుసు. మాటల కోసమని ఇప్పుడు కోయించకండి. బాబు పాలు ఎలా తాగుతున్నాడో చూసి నిర్ణయించుకోండి.

ఆ పొర అందరికీ ఉంటుంది. అద్దం ముందు నాలుక పైకెత్తితే మీకూ కనిపిస్తుంది. డాక్టర్లు ఫ్రెనులం అంటారు. అది పొట్టిగా, గట్టిగా ఉండి నాలుకను కదలనివ్వకపోతేనే టంగ్ టై. పొర కనిపించినంత మాత్రాన జబ్బు కాదు.

మా పాప ఏడ్చినప్పుడు నాలుక చివర మధ్యలో నొక్కుకుపోయి కనిపించేది. రొమ్ము పట్టు మాటిమాటికీ జారిపోయేది, తాగుతుంటే టక్ టక్ అని చప్పుడు. నాకు చనుమొనలు పగిలి, పాప ఆకలేసి ఏడుస్తుంటే భయం వేసేది. చాలాసేపు తాగినా బరువు సరిగ్గా పెరగలేదు. మొదట చూసిన డాక్టర్ నాలుక కింద, పై పెదవి లోపల రెండూ వెంటనే కోసేద్దాం అన్నారు. మేం తొందరపడకుండా మరో పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆవిడ ముందు ల్యాక్టేషన్ కౌన్సెలర్ (పాలిచ్చే పద్ధతి నేర్పేవాళ్లు) దగ్గరికి పంపారు. పాపను పట్టుకునే తీరు మార్చాక నొప్పి కొంత తగ్గింది గానీ బరువు మాత్రం కదల్లేదు. అప్పుడే ఇ.ఎన్.టి. డాక్టర్ చేత నాలుక కింద మాత్రం కోయించాం. కత్తెరతో చిన్న కోత, కొన్ని రక్తపు చుక్కలు, వెంటనే పాలు పట్టించమన్నారు. నొప్పి త్వరగానే పోయింది, బరువు మెల్లగా అందుకుంది.

అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. 2017లో వచ్చిన కోక్రేన్ సమీక్షలో (వైద్య అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించే సంస్థ అది), కోత వల్ల తల్లికి నొప్పి కొన్నాళ్లపాటు తగ్గుతుందని తేలింది గానీ, బిడ్డ పాలు తాగడం మెరుగవుతుందని అన్ని అధ్యయనాల్లోనూ కనిపించలేదు. 2024లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా ముందు పాలిచ్చే పద్ధతి సరిచూడమనే చెప్పింది.

ఇక మాటల సంగతి. ట, డ, ణ, ళ పలకాలంటే నాలుక కొన పైకి మడవాలి, ర, లకి పైకి లేవాలి. అందుకే పెద్దవాళ్లకి ఆ భయం. కానీ టంగ్ టై వల్ల మాటలు ఆలస్యంగా రావు. ఏ పొరా అడ్డులేని పిల్లలు కూడా చాలాకాలం 'ర'ని 'ల' అంటారు. మా తమ్ముడి కొడుక్కి పొర ఇప్పటికీ అలాగే ఉంది, 'గోళీలు' అని చక్కగా అంటాడు. నాలుగైదేళ్లకీ పలుకు స్పష్టంగా లేకపోతే స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించవచ్చు. మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. అవసరమైతే అప్పుడైనా కోయించవచ్చు. ఈలోగా ఎవరైనా వస కొమ్ము అరగదీసి నాకించమంటే వద్దని గట్టిగా చెప్పండి. ఆరు నెలలదాకా తల్లిపాలు, డాక్టర్ రాసిన మందులు తప్ప ఇంకేమీ వద్దు. దానివల్ల పొర వదులయ్యేదీ లేదు.

పై పెదవి లోపలి పొర వల్ల ముందు పళ్ల మధ్య సందు వస్తుందని కూడా చెప్తారు. పాలపళ్ల మధ్య సందు మామూలే, శాశ్వత కోర పళ్లు వచ్చేసరికి చాలామందికి పూడుకుంటుంది. దానికోసం పసివాడికి కోత అక్కర్లేదు.

బాబు పుట్టిన బరువుకి తిరిగి వచ్చాడా? రోజుకి ఆరు సార్లైనా ఉచ్చ పోస్తున్నాడా? మీకు నొప్పి ఉందా? ఇవి బాగుంటే కోత గురించి ఆలోచించనక్కర్లేదు. బాగోకపోతే ఈ వారమే పిల్లల డాక్టర్‌కి చూపించండి. కోయించాల్సి వస్తే, రక్తం గడ్డకట్టడానికి పుట్టినప్పుడు ఇచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ వేశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూసి డాక్టర్‌కి చెప్పండి.

బరువు వివరాలు రాయండి, నాకు తెలిసినంతవరకు చెప్తాను.