వలసల సర్వేకు ఇళ్లు ఎట్లా ఎంచుకోవాలి? తాళం వేసిన ఇంటిని మాత్రం వదలకండి

నారాయణపేట దిక్కు వలసల మీద ఎం.ఏ. ప్రాజెక్టు, ఇళ్లు 200, ర్యాండమ్‌గా తీస్తే చాలా అని అడిగారు. చాలు. కానీ కనబడ్డ ఇంట్లోకి పోవడం ర్యాండమ్ కాదు. ఏ ఇల్లైనా చీటీలో వచ్చే వీలుండాలి, అంటే ముందు అన్ని ఇళ్ల జాబితా ఉండాలి.

చిక్కంతా అక్కడే. 2011 జనాభా లెక్కల్లో మీ ఊళ్లు పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంటాయి. నారాయణపేట జిల్లా అయింది 2019లో. 2018 చట్టంతో విడి పంచాయతీలైన తండాలు కూడా అందులో పెద్ద ఊరి లెక్కలోనే కలిసిపోయి ఉంటాయి. కాబట్టి పంచాయతీ కార్యదర్శి దగ్గర ఇంటిపన్ను జాబితా తీసుకుని, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఓసారి గల్లీలన్నీ తిరగండి. తండాలను, ఊళ్లను వేరు చేసి రెండింట్లోనూ తీయండి. స్ట్రాటిఫైడ్ అనేది దీన్నే. ఉదాహరణకు ఒక ఊళ్లో 180 ఇళ్లల్లో 20 కావాలంటే తొమ్మిదింటికి ఒకటి. ఒకటి నుంచి తొమ్మిది దాకా చీటీలేసి, నాలుగు వస్తే 4, 13, 22... అట్లా పోవాలి.

ఇప్పుడు నా తప్పు చెప్తా. కొన్నేళ్ల కింద కోస్గి దిక్కు ఒక సర్వేలో ఫారాలు నింపిన, సంక్రాంతి దాటినంక. తాళముంటే పక్కింటికి పొమ్మన్నారు, పోయినం. మూడో రోజు రచ్చకట్ట మీద ఒక పెద్దాయన, "పోయినోళ్లను ఇడిసిపెట్టి ఉన్నోళ్లనడిగి వలస లెక్క రాస్తరా సారూ?" అన్నడు. మేం రాసింది సరిగ్గా అదే. బొంబాయి, పూణె పోయిన ఇళ్లన్నీ మా కాగితాల్లో ఇంటిపట్టున ఉన్న ఇళ్లయినయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎంపికైన ఇంటికి బదులు ఇంకో ఇల్లు తీసుకోనివ్వరు. మీరూ అదే పట్టండి. తాళముంటే మళ్లీ పోండి. అప్పటికీ లేకుంటే ఎవరు, ఎప్పుడు, ఏ మేస్త్రి (కూలీలను పనికి తీసుకుపోయే మనిషి) వెంట పోయారో పక్కవాళ్లనడిగి, "ఇరుగుపొరుగు చెప్పింది" అని విడిగా రాసుకోండి. వీలైతే వానాకాలం సేద్యానికి వాళ్లు తిరిగొచ్చినంక ఇంకోసారి పోవచ్చు.

మేస్త్రిని పట్టుకుని ఒకరి నుంచి ఒకరికి పోయే స్నోబాల్ పద్ధతి బతుకుకథలకు బాగుంటది. కానీ దొరికేది ఆ మేస్త్రి మనుషులే, అందులోంచి శాతాలు తీయకండి. 384 ఇళ్లు ఉండాలి కదా అని ఎవరన్నా అంటే, అది మన లెక్కకూ అసలు లెక్కకూ 95 శాతం నమ్మకంతో అటూఇటూ 5 శాతం తేడాకు పెద్ద జనాభాలో వేసే లెక్క. మీ 200కు తేడా దాదాపు 7 శాతం దాకా పోతది, నాలుగైదు ఊళ్లకే పరిమితమైతే ఇంకా ఎక్కువ. ఆ మాట థీసిస్‌లో రాసేయండి, గైడ్ ఏమీ అనరు.