అత్తగారు చెప్పేది తప్పు కథ కాదు

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. రోజూ రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు బొమ్మల పుస్తకం వేలు పెట్టి చదివిస్తుంటే రెండు పేజీలకే మూసేసి పారిపోతాడు. అదే పుస్తకం తీసుకుని మా అత్తగారి దగ్గరకు వెళ్తే అరగంట కదలడు. ఆవిడకు చదవడం రాదు. బొమ్మలు చూసి తోచిన కథ చెబుతారు. ఈ రోజు కథ రేపు ఉండదు. వాడికి తప్పు కథ నేర్పకండి అన్నానని చిన్నబుచ్చుకున్నారు. మావారేమో బడి ఇంగ్లిషు మీడియం కదా, తెలుగు పుస్తకాలు దండగ అంటారు. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: నాలుగున్నరేళ్ల పిల్లవాడు పుస్తకం ముందు అరగంట కూర్చుంటున్నాడంటే సంతోషించవలసిన విషయం. మీ దగ్గర కాకుండా నానమ్మ దగ్గర కూర్చుంటున్నాడన్నదే మీ బాధ. అందులో తప్పులేదు కానీ, ఆవిడ ఏం చేస్తున్నారో ఒకసారి పక్కన కూర్చుని చూడండి.

కోడి బొమ్మ ఉన్న పేజీ తెరిచారనుకుందాం. ‘అయ్యో, కోడి ఒక్కతే వెళ్తోంది, పిల్లలేవిరా?’ అంటారు. వాడు పేజీ అంతా గాలించి గడ్డివాము వెనక ఒక పిల్లను పట్టుకుంటాడు. ‘అక్కడెందుకు దాక్కుంది?’ అంటే ‘పిల్లి వచ్చింది’ అని కథ తనే అందుకుంటాడు. ‘మరి వాళ్లమ్మకు ఎవరు చెబుతారు?’ అని ఆవిడ పొడిగిస్తారు. కారణం వెతకడం, జరగబోయేది ఊహించడం అంటే ఇదే. రేపు చదివింది బుర్రకెక్కాలంటే వాడికి ఇవే కావాలి. తల్లిదండ్రులకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి నేర్పే పద్ధతి మీ అత్తగారికి సహజంగా వచ్చేసింది.

మీ దగ్గరకు వచ్చేసరికి ‘ఇదేమిటి? నిన్ననే చెప్పాను కదా!’ అన్న మాటతో కథ కాస్తా పరీక్ష అయిపోతోంది. పగలంతా బడిలోనూ అదే పని కదా, పారిపోక ఏం చేస్తాడు? తెలుగు అక్షరాలు నేర్వడమంటే వర్ణమాలతో అయిపోదు. గుణింతాలు, వత్తులు కలిసి వందల రూపాలవుతాయి. వాటికి బోలెడు వ్యవధి ఉంది. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ పథకం కూడా అర్థం చేసుకుంటూ చదవడానికి మూడో తరగతి చివరిదాకా గడువు ఇచ్చింది. మీరు ఎల్‌కేజీలోనే గాభరా పడుతున్నారు!

కొన్నాళ్లు అక్షరాల ఊసెత్తకండి. మీరు చదవండి, వాడు బొమ్మలు చూస్తాడు. చూసిన పుస్తకమే మళ్లీ తెస్తే విసుక్కోకుండా చదవండి. బాగా తెలిసిన వాక్యంలో చివరి మాట మింగేసి చూడండి, వాడే అందిస్తాడు. తనంతట తాను ‘ఇదేమక్షరం?’ అని అడిగినప్పుడు మాత్రం చెప్పండి.

ఇక అత్తగారి సంగతి. వాడి ఎదుటే ‘అత్తయ్యా, నిన్నటి కోడి కథ నాకూ చెప్పండి’ అని కూర్చోండి. ఆవిడ చెబుతుంటే ఒక నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాయండి. బొమ్మ బాబు వేస్తాడు. మర్నాడు దాన్నే చదివి వినిపించండి. నానమ్మ నోటి మాట కాగితం మీదికి ఎక్కిందని వాడికి తెలుస్తుంది. ఏ వర్క్‌బుక్కూ దీన్ని ఇంత బాగా చెప్పలేదు.

మీవారితో వాదనకు దిగకండి. వాడికి మాటలు పుష్కలంగా ఉన్నది తెలుగులో, కాబట్టి కథలో మెలికలు పట్టుకునేదీ తెలుగులోనే. ఆ నేర్పు రేపు ఇంగ్లిషు పుస్తకంలోనూ పనికొస్తుంది. కనీసం ఐదో తరగతి వరకు వీలైనచోట మాతృభాషలో బోధన ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం అన్నదీ ఇందుకే. ఖర్చు మాట ఎత్తితే, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయని చెప్పండి. వాటిని ఫోనులో చూపించేకన్నా ప్రింటు తీయించడం మేలు, ఫోను ఒకసారి చేతికిస్తే తిరిగి తీసుకోవడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. వారంలో రెండు రాత్రులు ఆయన వంతు పెట్టండి. ఇంగ్లిషు పుస్తకమే చదవనివ్వండి. పులి వచ్చిన పేజీలో గాండ్రించడం మాత్రం ఎగ్గొట్టనివ్వకండి.